కొత్త ఆలోచనకు చోటెక్కడ? తుగ్గలి వైపు నుంచి సృజన పరిశోధనల సమీక్ష

తుగ్గలి మండలం ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని లోకం దృష్టికి తెచ్చాడు. అక్కడి లఘు శిలాశాసనంలో ఒక వింత కనిపిస్తుంది. బ్రాహ్మీ లిపిని ఎడమ నుంచి కుడికి రాస్తారు. ఎర్రగుడి లేఖకుడు మాత్రం కొన్ని పంక్తులను ఎడమ నుంచి కుడికీ, కొన్నిటిని కుడి నుంచి ఎడమకీ చెక్కాడు. కొత్త పద్ధతి ఒకటి ప్రయత్నించి చూశాడో, తికమకపడ్డాడో, పండితులు ఒక్క మాట మీద లేరు. ఏదేమైనా ఆ రాత మన దేశంలో నిలదొక్కుకోలేదు.

ఆ లేఖకుణ్ణి సృజనశీలి అనవచ్చా? 1953లో మోరిస్ స్టైన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక నిర్వచనం ఇచ్చాడు: పని కొత్తదై ఉండాలి, ఏదో ఒక కాలంలో ఏదో ఒక సమూహం అది పనికొచ్చేదనో తృప్తినిచ్చేదనో ఒప్పుకోవాలి. 2012లో మార్క్ రన్‌కో, గారెట్ జేగర్ పాత వ్యాసాలు తిరగేసి, కొత్తదనం, ఉపయోగం అనే ఈ రెండు షరతులే ప్రామాణికమని తేల్చారు. మొదటి షరతు ప్రకారం ఎర్రగుడి లేఖకుడు నెగ్గాడు, రెండోదాని ప్రకారం ఓడాడు. అయితే ఒప్పుకోవలసిన ఆ సమూహం ఎవరు? పని చేయించిన అధికారా, చదువుకునే జనమా, తోటి లేఖకులా? తీర్పు ఎవరిదన్న ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి పరిశోధనకు చాలాకాలం పట్టింది. అంతవరకు అది మనిషినే వెతుకుతూ పోయింది.

ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో 'హెరెడిటరీ జీనియస్' రాసి, ప్రతిభ రక్తంలోనే వస్తుందని వాదించాడు. జడ్జీల, కవుల, సేనానుల కుటుంబాలను లెక్కగట్టి చూపాడు. ఆ కుటుంబాల్లో ఆస్తి, చదువు, పలుకుబడి కూడా తండ్రి నుంచి కొడుక్కే వచ్చాయన్న సంగతికి తగిన విలువ ఇవ్వలేదు. 1921లో లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలో తెలివి పరీక్షలు పెట్టి దాదాపు 1,500 మంది పిల్లల్ని ఏరి, వాళ్ల జీవితాలను ఏళ్ల తరబడి గమనించాడు. చాలామంది మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు గానీ, వాళ్లలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. ఆ పరీక్షలో అర్హత రాక బయట మిగిలిన ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. పక్క జిల్లాల నుంచి కూడా జనం వచ్చి, తల వంచుకుని ఎర్రనేలంతా గాలిస్తారు. ఆ పూట వాళ్లకు నేల సారంతో పనిలేదు, మెరిసే రాయి ఉందా లేదా అన్నదే లెక్క. సృజన మీద తొలి పరిశోధన కూడా ఇలాంటి వేటే. రాయి ఉంటే ఏరుకోవడం, లేకపోతే ముందుకు నడవడం. నేల వైపు చూపు తిరగడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

1950లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘానికి అధ్యక్షుడైన జె.పి.గిల్‌ఫర్డ్ తన ప్రసంగంలో ఒక లెక్క చెప్పాడు. అప్పటికి సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్‌లో నమోదైన సుమారు 1,21,000 శీర్షికల్లో సృజనకు సంబంధించినవి 186 మాత్రమే. ఆ మాట గట్టిగానే తగిలింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేశాక అమెరికా ప్రభుత్వానికి సృజన దేశరక్షణ విషయమైపోయింది, డబ్బు ప్రవహించింది. ఒకే జవాబున్న ప్రశ్నలు కాకుండా, ఒక ఇటుకతో ఎన్ని పనులు చేయవచ్చో చెప్పమనే పరీక్షలు వచ్చాయి. పాల్ టారెన్స్ 1966లో ప్రచురించిన పరీక్షలు ప్రపంచమంతా తిరిగాయి. మన దేశంలో బాకర్ మెహ్దీ 1973లో, బి.కె.పాసీ 1979లో వీటికి భారతీయ రూపాలు తెచ్చారు. మన విశ్వవిద్యాలయాల విద్యా విభాగాల్లో ఈ పరీక్షల మీద సిద్ధాంత గ్రంథాలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో చాలావరకు ఒకే మూస: ఆడపిల్లలు, మగపిల్లలు, పల్లె, పట్నం, ఎవరికి ఎన్ని మార్కులు.

ఆ శ్రమను తీసిపారేయను. టారెన్స్ పరీక్షల్లో బాగా చేసిన పిల్లలు పెద్దయ్యాక సృజనాత్మక పనులు ఎక్కువ చేసినట్టు ఆయన తరవాతి అధ్యయనాల్లో తేలింది కూడా. కానీ ఆదోని, కోసిగి, తుగ్గలి వైపు నుంచి ఎన్నో కుటుంబాలు పంటలు పోయిన ఏడు సుగ్గికి బయలుదేరుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు పోయే తల్లిదండ్రులతో పాటు పిల్లలూ పోతారు. పరీక్ష కాగితాలు బడికి వచ్చిన రోజు అలా వెళ్లిన పిల్ల బడిలో ఉండదు. మిరప తోటలో గుడారం ఎలా కట్టాలో, తమ్ముణ్ణి ఎక్కడ నిద్రపుచ్చాలో ఆ పిల్ల కనిపెట్టే ఉపాయాలు ఏ పట్టికలోకీ ఎక్కవు. కొలతలో కొంత పొరపాటుండటం వేరు, అసలు కొలవడానికి ఎవరిని కూర్చోబెట్టామన్నది వేరు. ఈ రెండో సంగతిని మన పరిశోధన పట్టించుకున్నది తక్కువ.

మనిషి నుంచి పరిస్థితి వైపు మలుపు ఒక చిన్న ప్రయోగంతో వచ్చింది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్న పిల్లల్ని తీసుకున్నారు. గీస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. తర్వాత బహుమతి లేని రోజుల్లో ఆ పిల్లలు గీయడం తగ్గించేశారు. ఏమీ చెప్పని పిల్లల్లో ఆ మార్పు లేదు. తెరెసా అమబైల్ ఈ దారిలోనే 1985లో 72 మంది రచయితల్ని పిలిచింది. ఒక బృందానికి తాము రాయడానికి కారణాల జాబితా ఇచ్చి వరుసలో పెట్టమంది. అందులో డబ్బు, పేరు, పెద్దల మెప్పు లాంటివి ఉన్నాయి. ఇంకో బృందానికి ఇచ్చిన జాబితాలో రాతలోని ఆనందానికి చెందిన కారణాలున్నాయి. తర్వాత అందరూ ఒక చిట్టి కవిత రాశారు. 12 మంది కవులు విడివిడిగా చదివి మార్కులేస్తే, డబ్బు, పేరు గురించి కాసేపు ఆలోచించిన వాళ్ల కవితలు వెనకబడ్డాయి. ప్రతిభ అదే, మనిషి అదే. పని ఎందుకు చేస్తున్నామన్న ఊహ కొద్ది నిమిషాలు మారితే ఫలితం మారింది.

ఇక్కడ మన అలంకార శాస్త్రం గుర్తుకొస్తుంది. పదకొండో శతాబ్దపు మమ్మటుడు కావ్యానికి శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి కారణమన్నాడు. అమబైల్ 1983లో ప్రతిపాదించిన నమూనాలో కూడా మూడున్నాయి: ఆ రంగంలో నైపుణ్యం, కొత్తగా ఆలోచించే తీరు, పని మీద ఇష్టం. మొదటి రెండూ మమ్మటుడి లెక్కకు దగ్గరే. మూడోదాని దగ్గరే తేడా. మమ్మటుడు కావ్య ప్రయోజనాలు చెబుతూ కీర్తిని, ధనాన్ని ముందే పెట్టాడు, అందులో తప్పేమీ చూడలేదు. రాబర్ట్ ఐసెన్‌బర్గర్ లాంటి పరిశోధకులు 1990లలో ఇదే పట్టుతో అమబైల్ వర్గంతో వాదించారు: కొత్తగా చేసినందుకే బహుమతి అని స్పష్టంగా చెబితే కొత్తదనం పెరుగుతుందని ప్రయోగాలతో చూపారు. చివరికి తేలిందేమంటే, డబ్బు మనిషిని అదుపు చేసే కర్ర అయినప్పుడు సృజన తగ్గుతుంది. చేసిన పనికి గుర్తింపుగా వచ్చినప్పుడు, లేదా పనికి కావలసిన వెసులుబాటు కొనిపెట్టినప్పుడు తగ్గదు. రాజు దగ్గర అగ్రహారం పొందిన కవికీ, బార్ల లెక్కన కూలి తీసుకునే నేతగాడికీ డబ్బు ఒకేలా పని చేయదు.

కార్యాలయాల్లోకి వస్తే, ప్రకటనల సంస్థ నడిపిన అలెక్స్ ఆస్‌బర్న్ 1953లో తన పుస్తకంతో మేధోమథనాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పదిమంది కూర్చుని, ఒకరినొకరు విమర్శించుకోకుండా ఆలోచనలు కురిపిస్తే ఫలితం రెట్టింపవుతుందన్నాడు. 1958లో యేల్‌లో చేసిన ప్రయోగం దీన్ని తలకిందులు చేసింది. నలుగురు కలిసి కూర్చుంటే వచ్చిన ఆలోచనల కంటే, నలుగురు విడివిడిగా రాసినవి కలిపితే ఎక్కువొచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్లు ఆగాలి, ఆగేలోపు ఆలోచన జారిపోతుంది అని 1987లో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె వివరించారు. అయినా నేటికీ మన ఆఫీసుల్లో మేధోమథనం పేరుతో సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. పరిశోధన చెప్పినది పనిచోటుకు చేరడానికి ఎంత దూరం ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

అమబైల్ తరవాతి పని ఈ దూరాన్ని కొంత తగ్గించింది. ఏడు కంపెనీల్లో 26 బృందాల్లోని 238 మంది చేత రోజూ డైరీ రాయించి, దాదాపు 12,000 నమోదులు చదివింది. జనం మెరుగైన ఆలోచనలు చేసింది అర్థమున్న పనిలో చిన్నదైనా ఒక అడుగు ముందుకు పడిన రోజుల్లో. గడువు మెడ మీద కూర్చున్న రోజుల్లో ఎక్కువ పని చేశామనుకున్నారు గానీ కొత్తగా ఆలోచించింది తక్కువ. ఇదే కాలంలో ఎమీ ఎడ్‌మండ్‌సన్ 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 బృందాలను చూసి, తప్పు చెబితే తల తీయరన్న నమ్మకమున్న చోటే జనం నేర్చుకుంటారని నిరూపించింది.

ఇవన్నీ అమెరికా కథలు. మన నేల మీద జరిగిన కథలు రెండున్నాయి, వాటిని మనం మరిచిపోయాం. మొదటిది కాకినాడది. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌లెలాండ్, ఏదైనా సాధించాలన్న తపనను పెద్దవాళ్లకు కూడా నేర్పవచ్చా అని పరీక్షించడానికి 1964లో కాకినాడ వ్యాపారుల్ని ఎంచుకున్నాడు. హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో శిక్షణ నడిచింది. వాళ్లు కథలు ఊహించి రాశారు, ఆటలాడారు, తమకు తామే లక్ష్యాలు పెట్టుకున్నారు. శిక్షణ పొందని వ్యాపారులతో పోల్చితే వీళ్లు ఆ తర్వాత కొత్త వ్యాపారాలు ఎక్కువ మొదలుపెట్టారు, ఎక్కువ మందికి పని ఇచ్చారు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌లెలాండ్ 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా వేశాడు. పాతకాలపు ఆచారాలు, కులాచారాలు పాటించేవాళ్లు ఇందులో వెనకబడతారన్న పాశ్చాత్యుల అనుమానం కాకినాడలో తేలిపోయింది. నాకు దానికంటే విలువైనదనిపించేది ఇంకో ఫలితం. శిక్షణ బాగా పని చేసింది తమ దుకాణం మీద, తమ పని మీద తమకే అధికారం ఉన్నవాళ్ల విషయంలో. పైవాడి మాట వినాల్సిన వాళ్లకు తపన నేర్పినా దాన్ని ఖర్చుపెట్టే చోటు దొరకలేదు.

రెండోది హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్‌ది. జపాన్‌లో కవోరు ఇషికావా ప్రోత్సాహంతో 1962లో మొదలైన నాణ్యతా వలయాలను ఎస్.ఆర్.ఉడుప చొరవతో 1980లో ఆ కర్మాగారంలో పెట్టారు; దేశంలో అదే మొదలు. ఒకే చోట పని చేసే కొద్దిమంది కార్మికులు తమంతట తాము కూడి, తమ పనిలోని చిక్కుల్ని తామే విప్పుకోవడం ఆ పద్ధతి. 1982లో దేశవ్యాప్త నాణ్యతా వలయాల సంఘం సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. ఈ వలయాల మంచిచెడ్డలను 1985లో ఎడ్వర్డ్ లాలర్, సూజన్ మోర్‌మన్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో చర్చించారు. మొదట్లో ఉత్సాహం ఉంటుంది. మధ్యస్థాయి అధికారులు సూచనల్ని అమలు చేయకపోతే వలయాలు ఎండిపోతాయి. ఆలోచించమని అడిగి, ఆలోచనను అమలు చేసే అధికారం ఇవ్వకపోతే జరిగేది అదే.

అహ్మదాబాద్ కాలికో మిల్లులో 1953 నుంచి ఎ.కె.రైస్ చేసిన అధ్యయనం దీనికి మరో ముఖం. కొత్త ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో పనిని ముక్కలు ముక్కలుగా పంచితే ఉత్పత్తి పెరగలేదు. కొన్ని మగ్గాలకు ఒక బృందం మొత్తం బాధ్యత వహించేలా మార్చాక ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. ఈ అధ్యయనాన్ని ఎమ్మిగనూరు వాళ్లు చదవాలని నాకు గట్టి కోరిక.

ఎందుకంటే ఎమ్మిగనూరుకు ఈ విషయంలో తనదైన చరిత్ర ఉంది. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం దుప్పట్లకు, తువ్వాళ్లకు దేశమంతా పేరు తెచ్చింది. నూలు సంఘం ఇస్తుంది, బట్ట సంఘం తీసుకుంటుంది, అమ్మకం భారం సంఘానిది. ఇది నేతగాడి నెత్తిన ఉండే నష్టభయాన్ని పంచుకునే ఏర్పాటు. పరిశోధన భాషలో చెప్పాలంటే, కొత్త నమూనాకు కావలసిన మొదటి షరతు ఇదే. కానీ మగ్గం మీద కూర్చున్నవాడికి కూలి బట్ట లెక్కనే వస్తుంది. కొత్త రంగుల కలయిక ఒకటి వేసి చూడాలంటే పడుగు మార్చాలి, అచ్చులో పోగులు మళ్లీ అతకాలి. ఆ ఒకటి రెండు రోజులు నాడె ఆడదు, కూలి రాదు. సావుకారి దగ్గర నేసేవాడికైతే ఈ కష్టం ఇంకా ఎక్కువ. అతడి చేతికి నైపుణ్యం తక్కువ కాదు, మనసుకు ఇష్టం తక్కువ కాదు. రెండు రోజుల కూలి తక్కువ.

పోచంపల్లి వైపు చింతకింది మల్లేశం చేసిన పని దీన్ని విప్పి చూపిస్తుంది. ఇక్కత్ చీరకు ఆసు పోయాలంటే, అంటే నూలును మేకుల మీద వరసగా చుట్టాలంటే, చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలోనే మానేసిన ఈ నేత కుటుంబపు కుర్రాడు ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రాన్ని పని చేయించాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మామూలుగా ఈ కథను పట్టుదల కథగా చెబుతారు. నేను ఇంకోటి చూస్తాను. ఆసు పోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. వాళ్ల పేరు ఏ హాజరుపట్టీలోనూ ఉండదు, కాబట్టి పనిచోటు సృజన మీద జరిగే సర్వేల్లోకీ రాదు. ఆ పనిలో చిక్కు ఎక్కడుందో తెలిసింది ఆ భుజానికి. దాన్ని దగ్గర నుంచి చూడగలిగింది ఆ ఇంటి కొడుకు.

ఇలాంటివాళ్లను వెతికి గుర్తించే పని అనిల్ గుప్తా హనీ బీ నెట్‌వర్క్‌తో, 2000లో ఏర్పడిన జాతీయ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తో దేశంలో పెద్దదైంది. తెలుగునేల మీద బ్రిగేడియర్ పోగుల గణేశం 2005లో మొదలుపెట్టిన పల్లె సృజన చిన్న శోధయాత్రల పేరుతో ఊళ్ల వెంట నడిచి ఆ పని చేస్తోంది. మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ 1988లో చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. సృజన ఒక మనిషి తలలో ఉండదు. మనిషికీ, అతడి విద్యకూ, ఆ విద్యలో ఏది నిలవాలో తేల్చే పెద్దల వర్గానికీ మధ్య జరుగుతుంది. రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా చెప్పినప్పుడు, గుర్తించేవాడి ప్రతిభకు కూడా చోటిచ్చాడు. ఆ చోటు ఆధునిక పరిశోధనకు చాలా ఆలస్యంగా కనిపించింది. 2012లో జెన్నిఫర్ ముల్లర్, ఆమె సహచరులు చూపినట్టు, కొత్త ఆలోచనలు కావాలని నోటితో అనేవాళ్లే అనిశ్చితి ఎదురైతే లోలోపల కొత్తదాన్ని తిరస్కరిస్తారు.

అనిశ్చితి మాట వచ్చింది కనుక చివరి ముక్క. ఆనందీ మణి, సెంథిల్ ముల్లయినాథన్ బృందం 2013లో తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, డబ్బు చేతికందిన తర్వాత ఆలోచనా పరీక్షలు పెట్టింది. అదే రైతు డబ్బులేని నెలల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తర్వాతి అధ్యయనాలన్నీ దీన్ని బలపరచలేదు, ఆ జాగ్రత్త అవసరం. ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీల మీద జరిగిన ప్రయోగం మాత్రం నన్ను ఆలోచింపజేసింది. రావలసిన కూలిలో కొంత ముందుగా చేతిలో పెడితే, వాళ్లు ఎక్కువ విస్తళ్లు చేశారు, తప్పులూ తగ్గాయి. మొత్తం కూలి పెరగలేదు. దిగులు తగ్గింది. టమోటా ధర పడిపోతే పత్తికొండ మార్కెట్ దారిలో పంట పారబోసి ఇంటికొచ్చే రైతుకు, రేపటి అప్పు గురించి తప్ప కొత్త పంట గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

మన పరిశోధకులు అడగవలసిన ప్రశ్న ఇప్పుడు చాలా చిన్నది, చేయదగినది. ఎమ్మిగనూరులో ఏదో ఒక సంఘం కొందరు నేతగాళ్లకు నెలలో రెండు రోజుల కూలి కొత్త నమూనా కోసమని ముందే ఇవ్వాలి, బట్ట అమ్ముడైనా కాకపోయినా తిరిగి అడగకూడదు. ఆదోని జిన్నింగు మిల్లుల్లో ఒక్క షిఫ్టు మేస్త్రీకి, కూలీలకు యంత్రం దగ్గర చిన్న మార్పులు చేసుకునే అధికారం ఇవ్వాలి. అలాంటి వెసులుబాటు లేని మగ్గాలను, షిఫ్టులను పక్కన పెట్టి ఏడాది పాటు పోల్చాలి. ఫలితాన్ని కొలిచే పద్ధతి అమబైల్ 1982లోనే ఇచ్చింది: ఆ విద్య తెలిసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా మార్కులేయాలి. ఆ బల్ల దగ్గర డిజైన్ చదివిన పట్నం నిపుణులతో పాటు ఆసు పోసే ఆడవాళ్లు, సంతలో దుప్పట్లు అమ్మేవాళ్లు, ముప్పై ఏళ్లుగా నాడె ఆడిస్తున్న వృద్ధ నేతగాళ్లు కూర్చోవాలి. వాళ్ల మార్కులు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో కూడా అచ్చు వేయాలి.